మూడో రోజు మజిలీ

లారీ డ్రైవర్లు మొండివాళ్లు, దేనికీ జడవరు. అలాంటివాళ్లే ఆ ఎడారి దారిలో పాత రాజమహలు రాగానే అద్దాలెత్తుకుని, పాటల మోత పెంచుకుని దాటేస్తారు. రాత్రి అక్కడ ఆగినవాడు తెల్లారేదాకా ఉన్నది లేదు. ఒకడు చెప్పులు వదిలి పరిగెత్తాడట. ఇంకొకడు లారీనే వదిలి పరిగెత్తాడట. చీకట్లో ఎవరో గుసగుసగా పలకరిస్తారు... మనిషి మాత్రం కనపడడు.

సరిగ్గా అక్కడే హారన్‌కి మజిలీ కావలసివచ్చింది.

మలుపున్నా లేకపోయినా హారన్ మోగిస్తాడని చుట్టాలు పెట్టిన పేరది. ఏళ్ల తరబడి అద్దె బళ్లలో యాత్రికులను తిప్పి, ఇప్పుడు కొత్తగా సొంత వ్యాను కొన్నాడు. దాని మొదటి ప్రయాణం తన వదినా వాళ్లదే కావాలని పట్టుదల. పదకొండు మంది, అయిదు రోజులు, నాలుగు పాత నగరాలు, వాటి కోటలు, మహళ్లు. వదిన బడిపంతులమ్మ, దారంతా పటం మీద ఎర్రసిరాతో గీసింది. గీత మూడో రోజు దగ్గర తెగింది. రెండో ఊరికీ మూడో ఊరికీ నడుమ అంతా ఇసకే. పిల్లలతో ఒక్క పగట్లో దాటలేరు.

"మరిదీ, ఆ రాత్రి ఎక్కడ పడుకుంటామో రేపు మధ్యాహ్నంలోగా చెప్పు. లేదంటే తెల్లబస్సు అతను సిద్ధంగా ఉన్నాడు."

"వాడా? వాడు బ్రేకు తొక్కితే బస్సు ఆగదు వదినా, ఆలోచిస్తుంది!"

"ముందు నువ్వు ఆలోచించు."

హారన్‌కి ఒక పట్టింపు ఉంది. తాను ఒక రాత్రి పడుకుని చూడనిదే ఏ చోటునీ ప్రయాణం కాగితంలో రాయడు. నల్లుల సంగతీ నీళ్ల సంగతీ పక్క మీదే తెలుస్తాయంటాడు. పటం చంకన పెట్టుకుని ఆ సాయంత్రమే బయల్దేరాడు.

మహలు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. హాలు శుభ్రంగా ఊడ్చి ఉంది — అదే అతనికి నచ్చలేదు. ఎవరూ లేని చోట చీపురు పట్టిందెవరు?

దుప్పటి పరుచుకుని పడుకున్నాడు. గాలి... ఇసక రాలుతున్న చప్పుడు... కాసేపటికి అదీ ఆగిపోయింది.

"వచ్చారా...?"

గోడలోంచి వచ్చింది మాట. హారన్ దిగ్గున లేచి కూర్చున్నాడు. కాళ్లు పరిగెత్తుదామన్నాయి. తెల్లబస్సు గుర్తొచ్చి ఆగాయి.

"ఎంతమంది...?"

ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్నకి జవాబు చెప్పిన నోరు. అతణ్ణి అడక్కుండానే తెరుచుకుంది.

"ప... పదకొండు మంది. నాతో పన్నెండు. మా మామగారు మెట్లెక్కలేరు. వచ్చే వారం వస్తాం... ఇవాళ నేనొక్కణ్ణే!"

చాలాసేపు చడీచప్పుడూ లేదు. తర్వాత —

"భోజనాలు...?"

ఈసారి చెవి పక్కనే.

"వ... వద్దండీ! తినే వచ్చాను!" అని దుప్పటిలో దూరిపోయాడు. ప్రాణమూ వ్యానూ రెండూ దక్కాలని తెల్లారేదాకా మొక్కుకుంటూనే ఉన్నాడు.

తెల్లారాక, మేడ మెట్లు ఒక్కొక్కటే దిగుతూ ముసలమ్మ ఒకతె వచ్చింది. చేతిలో చీపురు.

"రాత్రి మాట్లాడింది నువ్వేనా నాయనా?"

ఆ గుసగుస గొంతే!

ఆమె మహలుకి కాపలామనిషి. గొంతు పోయి ఏళ్లయింది. మోకాళ్ల నొప్పులతో చీకట్లో దిగలేక, మేడ మీద పడుకునే అడుగుతుంది. గదులు చల్లబడాలని రాజులు గోడల్లో వదిలిన గాలిదారి గుండా ఆ మాట కిందికి దిగుతుంది.

"ఎన్నేళ్లుగానో అడుగుతున్నాను. ఒక్కడూ జవాబు చెప్పిన పాపాన పోలేదు. పరుగే పరుగు! పైన ఏడు జతల చెప్పులున్నాయి, నీ కాలికి సరిపోయేవి చూసుకో."

హారన్ పగలబడి నవ్వాడు. మంచాలు, నీళ్లు, మామగారికి కింది గది — అన్నీ మాట్లాడేసుకున్నారు. కాగితం తీసి, కలం పట్టి, మాటవరసకి అడిగాడు.

"భోజనాలు కూడా నువ్వే చూస్తావుగా అవ్వా? రాత్రి అడిగావు."

ముసలమ్మ చీపురు ఆపింది.

"నేనా? వచ్చారా, ఎంతమంది — అంతవరకే అడిగాను. నువ్వు చెప్పగానే హాయిగా నిద్రపోయాను నాయనా..."

హారన్ చెయ్యి తనంతట తానే చెవి మీదికి వెళ్లింది. లోపలి చీకటి వంక చూశాడు. పటంలో తెగిన ఎర్రగీత వంక చూశాడు. మధ్యాహ్నంలోగా వదినకి జవాబు చెప్పాలి. గట్టిగా ఊపిరి పీల్చుకుని, గుండ్రటి అక్షరాలతో రాశాడు —

"మూడో రోజు రాత్రి: రాజమహలు. భోజనాలు దారిలోనే ముగించుకుని రావలెను. లోపల ఎవరు వడ్డిస్తామన్నా వద్దనవలెను."