జున్నుపాలు

తెల్లవారుతూనే వంటింట్లోకి వచ్చిన లక్ష్మీకాంతం అలవాటుగా కిటికీ తీయబోయి, చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. ట్రాయ్‌లో తన ఇంట్లో కిటికీ తీస్తే కోసిన గడ్డి వాసన వస్తుంది. ఇక్కడ కిటికీ తీస్తే పేడ వాసన లోపలికొచ్చి సోఫాలో తిష్ఠ వేస్తుంది. వచ్చి నాలుగు రోజులైనా ఆ వాసన ఆమెకి అలవాటు కాలేదు. అలవాటు చేసుకునే ఉద్దేశమూ లేదు.

వెర్మాంట్ ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దుని ఆనుకుని ఉన్న ఆ ఊరి పేరు ఈస్ట్ కార్విల్. ఊరంటే ఒక చర్చి, ఒక గ్యాస్ స్టేషన్, పశువుల దాణా అమ్మే ఒక కొట్టు, మిగతాదంతా ఆవులు. కూతురు నమ్రత మొక్కజొన్న చేను ఎక్కడ అయిపోతుందో అమెరికా కూడా అక్కడే అయిపోతుంది. చేను గట్టు మీద నిలబడితే చేతిలో ఫోను కెనడాకి స్వాగతం చెబుతుంది. "ఇంకో అడుగు వేస్తే దేశమే దాటిపోయేదానివి. ఇంత దూరం పారిపోవాల్సినంత కష్టం ఏమొచ్చిందే నీకు?" అని మొదటిరోజే అడిగింది లక్ష్మీకాంతం. నమ్రత నవ్వి ఊరుకుంది.

లక్ష్మీకాంతం ట్రాయ్‌లో ముప్పై ఏళ్లు పిల్లల డాక్టరుగా చేసి రిటైరైంది. భర్త పోయాడు. ఒక్కగానొక్క కూతురు కార్ల కంపెనీలో ఇంజనీరుగా ఉండేది. ఆరేళ్ల క్రితం ఆ ఉద్యోగం వదిలేసి, ఆవులు పెంచే ల్యూక్‌ని పెళ్లి చేసుకుని ఇక్కడికొచ్చి పడింది. ట్రాయ్‌లో ఎవరైనా అడిగితే, "మా అమ్మాయి అగ్రికల్చర్ సెక్టార్‌లో ఉందండీ" అని గొప్పగా చెప్పి, వాళ్లు రెండో ప్రశ్న వేసేలోపు మాట మార్చేసేది లక్ష్మీకాంతం.

ఇప్పుడు ఆమె వచ్చింది చుట్టపుచూపుగా కాదు, కూతుర్ని వెనక్కి తీసుకుపోవడానికి. పాత కంపెనీలో మంచి పోస్టు ఒకటి ఖాళీ అయింది. తెలిసినవాళ్లందరినీ పట్టుకుని, అందులోకి నమ్రతని పిలిచేలా చేసింది. ఆ కంపెనీ వాళ్లు ఈ మధ్యాహ్నం ఫోన్ చేస్తారు. వస్తానో రానో నమ్రత చెప్పెయ్యాలి. పాల వ్యాపారం దెబ్బతిని అలిసిపోయి ఉందేమో, ఈసారి నమ్రత కూడా కాదనకుండా "ఆలోచిస్తాను" అంది. లక్ష్మీకాంతానికి ఆ మాట చాలు.

వెనక తలుపు చప్పుడైంది. నమ్రత లోపలికొచ్చింది. జుట్టులో గడ్డిపరకలు.

"బూట్లు బయట!" అంది లక్ష్మీకాంతం.

"బయటే విప్పాను అమ్మా. ఇవి సాక్స్."

"సాక్స్ కూడా కంపు కొడుతున్నాయి. చేతులు కడుక్కో. మోచేతుల దాకా."

నమ్రత కడుక్కుంది. కాఫీ కప్పు అందుకుంటూ, "జోజోకి ఇవాళ డెలివరీ అయ్యేట్టు ఉంది. ఫస్ట్ టైమ్ కదా, నాకు కొంచెం భయంగా ఉంది. ల్యూక్ ట్రాక్టర్ పార్ట్ కోసం వెళ్లాడు, లేట్ అవుతుంది" అంది.

"ఆవుకి డెలివరీ! బారసాల ఎప్పుడో చెప్పు, వెండి గ్లాసు తెస్తాను."

"అమ్మా, ప్లీజ్."

"మధ్యాహ్నం ఫోన్ వస్తుంది, గుర్తుందా? ఏం చెబుతావు?"

"ఫస్ట్ ఈ కాఫ్ బయటికి రానీ."

"ఒక దూడ కోసం జీవితాన్ని ఆపి కూర్చున్నదాన్ని నిన్నే చూస్తున్నాను."

నమ్రత కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోయింది. లక్ష్మీకాంతం పెదవి విరిచింది. ఆ విరుపు ఆమె మొహం మీద ఎంత స్థిరపడిపోయిందంటే, నిద్రలో కూడా దుప్పటిని చూసి విసుక్కుంటున్నట్టే ఉంటుంది. నాలుగు రోజుల్లో ఆ ఊళ్లో ఆ విరుపుకి నోచుకోని ప్రాణి లేదు. మొన్న చివరింటి ఒడెట్ అనే ముసలావిడ స్వయంగా 'యాపిల్ పై' అనే తీపి వంటకం చేసి పట్టుకొస్తే, "ఇందులో ఏ కొవ్వు కలిపి చచ్చారో! ఆ గోళ్లలో మట్టి చూశావా?" అని ఆవిడ ఎదురుగానే తెలుగులో అంది. ఒడెట్‌కి తెలుగు రాదు కానీ మొహాలు చదవడం వచ్చు. నవ్వు సగంలో ఆపుకుని వెళ్లిపోయింది. ఆ యాపిల్ పై ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.

ఉప్మాలోకి బఠాణీలు కావాలనిపించి లక్ష్మీకాంతం వెనక వరండాలోని పెద్ద ఫ్రీజర్ తెరిచింది. బఠాణీలు దొరకలేదు గానీ, అడుగున నాలుగు ప్లాస్టిక్ సంచులు కనిపించాయి. గడ్డకట్టిన పాలు. మామూలు పాలు కావు. పసుప్పచ్చగా, చిక్కగా ఉన్నాయి. ఒక సంచిని వెలుతురులోకి ఎత్తి చూసేసరికి ఆమె నోట్లో నీళ్లూరాయి.

"జున్నుపాలు!" అంది పైకే.

అమెరికా వచ్చాక అసలైన జున్ను మళ్లీ ఎరగదు. ట్రాయ్‌లో ఆడవాళ్లు కోడిగుడ్లు కలిపో, ప్యాకెట్ పొడి కలిపో ఏదో గడ్డకట్టించి జున్ను అని వడ్డిస్తారు. తిన్నవాళ్లు మొహమాటానికి మెచ్చుకుంటారు. ఈ దిక్కుమాలిన ఊళ్లో పనికొచ్చే వస్తువు ఒక్కటైనా ఉన్నందుకు ఆమెకి ఆశ్చర్యం వేసింది. వెంటనే ట్రాయ్‌లోని స్నేహితురాలు బిందుమాధవికి ఫోన్ చేసింది.

"నిజం జున్నా? పొడి కాదు కదండీ?" అంది బిందుమాధవి.

"పొడేమిటండీ బాబూ! సంచులు సంచులు ఫ్రీజర్ అడుగున పడేసి ఉంచారు. వీళ్లకేం తెలుసు దాని విలువ! ఏదో ఒకరోజు పారబోసేవాళ్లే."

"మా ఆయన ప్రాణం పెడతారండీ జున్నంటే!"

"ఆదివారం వస్తూ అందరికీ తెస్తాను. నమ్రత కూడా నాతో వచ్చేస్తోంది, దాదాపు ఖాయమే" అంది లక్ష్మీకాంతం. ఆ 'దాదాపు' అన్నమాట కొంచెం మెల్లగా అంది.

నాలుగు సంచులూ వేడినీళ్లలో పడేసి కరిగించింది. మామూలు పాలు కలిపి, ట్రాయ్ నుంచి తెచ్చుకున్న బెల్లం తరిగి వేసి, మిరియాలు, ఏలకులు దంచి చల్లి, విడతలు విడతలుగా ఆవిరి మీద ఉడికించింది. ఇల్లంతా కమ్మటి వాసన. నమ్రతకి ఒక గిన్నె పెట్టి, పక్కన కూర్చుని తల నిమిరి, ఆ ఫోన్ వచ్చేలోపు ఔననిపించుకోవాలని ఆమె ఆలోచన. కూతురి కోసం ఇంత ప్రేమగా వండి ఎన్నాళ్లయిందో అనుకుని తనమీద తనే కాస్త ముచ్చటపడింది కూడా.

అంతలో వెనక తలుపు దడాలున తెరుచుకుంది. నమ్రత బూట్లతోనే వరండాలోకి వచ్చింది. మోచేతుల దాకా రక్తం.

"జోజో పోయింది అమ్మా. బ్లీడింగ్ ఆగలేదు. వెట్ డాక్టర్ వచ్చేలోపే..." ఫ్రీజర్ వైపు నడిచింది. "కాఫ్ ఉంది. బతికే ఉంది."

మాట్లాడుతూనే ఫ్రీజర్ మూత ఎత్తి వెతికింది. మళ్లీ వెతికింది.

"బ్యాగ్స్ ఎక్కడ? ఇక్కడ నాలుగు బ్యాగ్స్ ఉండాలి."

"ముందు నువ్వొచ్చి కూర్చో. కాస్త తేరుకో. నీకోసం ఏం చేశానో చూడు" అంటూ లక్ష్మీకాంతం గిన్నె మీద మూత తీసింది.

నమ్రత వంటింట్లోకొచ్చి గిన్నెలోకి చూసింది. వరసగా చల్లారబెట్టిన మిగతా గిన్నెలు చూసింది.

"అంతా వండేశావా? ఒక్క బ్యాగ్ కూడా లేదా?"

"అంతా చేస్తేనే కదే అందరికీ సరిపోయేది..."

"అది మన కోసం కాదు అమ్మా! తల్లి చనిపోతే కాఫ్‌కి ఇవ్వడానికి దాచాను. నువ్వు వచ్చిన రోజే చూపించి చెప్పాను. నువ్వు వినలేదు. ఈ వరండా కంపు అన్నావు."

లక్ష్మీకాంతానికి లోపల కలుక్కుమంది. కానీ తప్పు ఒప్పుకోవడం అలవాటు లేని నోరు కదా, అది తన పని తను చేసుకుపోయింది. "దానికింత రాద్ధాంతం ఎందుకు? ట్యాంకు నిండా పాలున్నాయి, అవి పట్టు. ఒక దూడే కదా!"

"నువ్వు పీడియాట్రిషన్‌వి అమ్మా! పుట్టిన బేబీకి ఫస్ట్ మిల్క్ ఎందుకు ఇవ్వాలో నీకు నేను చెప్పాలా?"

లక్ష్మీకాంతం చేతిలోని మూత మళ్లీ గిన్నె మీద పెట్టేసింది. ముర్రుపాలే బిడ్డకి మొదటి టీకా అని ముప్పై ఏళ్లపాటు బాలింతల మంచాల పక్కన నిలబడి చెప్పిన మనిషి ఆమె. ఆ పాలు పిండి పారబోయమన్న అత్తగార్లని నిలబెట్టి కడిగేసిన మనిషి. ఈ పాలు చూడగానే ఆమెకి బెల్లం గుర్తొచ్చింది, ట్రాయ్‌లో పేరంటాళ్లు గుర్తొచ్చారు. బిడ్డ మాత్రం గుర్తు రాలేదు. పేడలో పుట్టేది కూడా బిడ్డే అని ఆమెకి తోచనే లేదు.

"ఎందుకు పారిపోయావు అని అడిగావు కదా" అంది నమ్రత. అరవడం లేదు, అదే ఎక్కువ భయంగా ఉంది. "ఆవుల కోసం కాదు. ల్యూక్ కోసం కూడా కాదు, ల్యూక్ సంగతి తర్వాత. నీ ఆ ఫేస్ నుంచి పారిపోయాను. నేను డిజైన్ చేసిన డోర్ హ్యాండిల్ కార్‌కి పెట్టారని షోరూమ్‌కి తీసుకెళ్లి చూపించాను, గుర్తుందా? డాడీ ఆ డోర్ తీసి, వేసి, మళ్లీ తీసి ఎంత నవ్వాడు! నువ్వు ఇలా మూతి పెట్టి, 'డోర్ హ్యాండిలా? కార్ ఎవరు చేశారు?' అన్నావు. ఇప్పుడు అదే జాబ్‌కి మళ్లీ రమ్మంటున్నావు. వస్తే మాత్రం నీకు ఏం నచ్చుతుంది?"

ఫోన్ తీసి ఎవరికో చేసింది. ఎత్తలేదు. "ఒడెట్ దగ్గర ఇలాంటి పాలు ఉంటాయి. ఆవిడకి ఫోన్ వినపడదు. నేను వెళ్తే కాఫ్ దగ్గర ఎవరు ఉంటారు? అది వణుకుతోంది."

"నేను వెళ్తాను" అంది లక్ష్మీకాంతం.

"నువ్వా?"

పెదవి ఒక పక్కకి విరిచి అంది నమ్రత. ఆ విరుపు ఎవరిదో లక్ష్మీకాంతానికి చెప్పక్కర్లేదు. అది తన సొంతం. ఇన్నేళ్లు ఇతరుల మీద విసిరిందే తప్ప, అది వచ్చి తగిలితే ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. తెలిసేసరికి కళ్లు చెమర్చాయి. తాళాలు తీసుకుని గబగబా బయటికి నడిచింది.

నమ్రత కారు సీట్లో గడ్డి, కాళ్ల కింద బురద. అవేవీ ఆమె చూడలేదు. మట్టిరోడ్డు చివర, సరిహద్దు రాయికి ఇవతల ఒడెట్ ఇల్లు. తలుపు తీసిన ముసలావిడ ఎదుట, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, లక్ష్మీకాంతం గట్టిగా ఇంగ్లీషులో చెప్పుకుంది.

"మా ఆవు చనిపోయింది. దూడ కోసం దాచిన పాలు తెలియక నేను వండేశాను. మీ దగ్గర ఉంటే..."

మా ఆవు అన్నానేమిటని అన్న తర్వాత తనే ఉలిక్కిపడింది.

"వండేశారా! దాంతో ఏం చేసుకుంటారు?" అంది ఒడెట్.

"స్వీటు."

"బాగుంటుందా?"

"చాలా బాగుంటుంది" అంది లక్ష్మీకాంతం, దొంగలా తల దించుకుని.

ఒడెట్ ఫ్రీజర్‌లోంచి రెండు సంచులు తీసి, పాత తువ్వాలులో చుట్టి ఇచ్చింది. లక్ష్మీకాంతం కారెక్కబోతుంటే, "యాపిల్ పై ఎలా ఉంది?" అంది వెనక నుంచి.

అబద్ధం చెప్పడం ఎంతసేపు! కానీ ఆ తువ్వాలు చేతిలో పెట్టుకుని చెప్పలేకపోయింది. "ఇంకా తినలేదు."

"తినండి. వెన్నతోనే చేశాను. మీరు మాంసం ముట్టరని మీ అమ్మాయి ముందే చెప్పింది."

లక్ష్మీకాంతానికి తల కొట్టేసినట్టయింది. "మొన్న మీతో సరిగ్గా మాట్లాడలేదు. క్షమించండి" అంది. అమెరికాలో ఇన్నేళ్లుగా రోజుకి నూరుసార్లు సారీ అంటూనే ఉంది. నిజంగా అన్నది మాత్రం అప్పుడే.

పశువుల కొట్టంలో దూడ గడ్డి మీద ముడుచుకుని పడుంది. నమ్రత తన జాకెట్ తీసి దానికి కప్పి, చేతులతో ఒళ్లు రుద్దుతోంది. పాలు కరిగించి, గోరువెచ్చగా సీసాలో పోసి నోట్లో పెడితే అది పీల్చదు. పాలు పెదవుల పక్కనుంచి కారిపోతున్నాయి.

"తాగదు అమ్మా, తాగడం లేదు" అంది నమ్రత.

"ఉండు." లక్ష్మీకాంతం స్వెటర్ చేతులు పైకి లాక్కుని, ఆ తడి గడ్డిలోనే మోకాళ్ల మీద కూలబడింది. దూడ ముక్కు తుడిచింది. వేలు పాలలో ముంచి దాని నోట్లో పెట్టి, అంగిలి మీద మెల్లగా రాసింది. ఎంతమంది పసిగుడ్లకి ఇలా చప్పరించడం నేర్పిందో! కాసేపు ఏమీ లేదు. తర్వాత గరుకు నాలుక ఒకటి ఆమె వేలిని చుట్టుకుని, గట్టిగా లాగింది. వేలు తీసి సీసా పెట్టింది. గుటక. ఇంకో గుటక.

లక్ష్మీకాంతం ఏడుస్తోంది. ఏ ఒక్కదాని కోసమో చెప్పడం కష్టం. దూడ తాగినందుకు, దాని తల్లి పోయినందుకు, ముప్పై ఏళ్లలో పరాయి పిల్లలకి చూపించిన ఓపికలో పిసరంత కూడా కన్నకూతురికి దక్కనందుకు.

నమ్రత జేబులో ఫోన్ మోగింది. ఇద్దరికీ తెలుసు అదెవరో.

"వెళ్లి మాట్లాడు. దీన్ని నేను చూస్తాను" అంది లక్ష్మీకాంతం తలెత్తకుండా.

నమ్రత బయటికి వెళ్లింది. మాటలు వినపడుతున్నా లక్ష్మీకాంతం చెవి ఒగ్గలేదు. తిరిగి వచ్చాక, ఏం చెప్పావని అడగనూ లేదు. అడగకుండా ఉండడానికి ఆమె నాలుక కొరుక్కోవలసి వచ్చింది.

నమ్రత పక్కనే చతికిలబడి, సీసా అందుకుంది. "రానని చెప్పాను అమ్మా."

లక్ష్మీకాంతం గుండె చివుక్కుమంది. ఆదివారం ట్రాయ్‌కి ఒంటరిగా వెళ్లాలి, ఆ పెద్ద ఇంట్లో లైట్లు ఒంటరిగా వేసుకోవాలి. పెదవి దానంతటదే ఒక పక్కకి పోబోయింది. ఆపుకుంది. అంత చిన్న కండరాన్ని ఆపడం అంత కష్టమని ఆ డాక్టరుకి అప్పటిదాకా తెలియదు.

"మంచి పని చేశావు" అంది.

నమ్రత నమ్మలేనట్టు చూసింది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, జోజో కళ్లెదుట పోతే కూడా ఏడవనిది, ఆ మూడు మాటలకి చిన్నపిల్లలా భోరుమంది. తల్లి భుజం మీద మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. లక్ష్మీకాంతం పేడచేత్తోనే ఆ తల నిమిరింది.

"సీసా సరిగ్గా పట్టుకోవే" అంది కాసేపటికి, తనూ ముక్కు ఎగబీలుస్తూ. "బిడ్డ గాలి మింగేస్తుంది."