పుస్తకం మూసి చెప్పండి

“చాలా బాగా చదివారండీ. ఇప్పుడు పుస్తకం మూసి చెప్పండి. ఆ ముసలాయన కొత్త గొడుగు ఎందుకు దాచేశాడు?”

టీచర్ ఆ ప్రశ్న అడిగింది పిల్లల్ని కాదు, నన్ను. నేను రేడియోలో వార్తలు చదువుతాను. తడబడకుండా చదవడం ఎలాగో పిల్లలకు చూపిస్తానని ఆ బడికి కాలర్ ఎగరేసుకుంటూ వెళ్ళాను. కథలో ముసలాయన ఉన్నాడన్న సంగతే నాకు గుర్తులేదు.

“వర్షం వచ్చి...” అని నసిగాను.

“కథలో వర్షమే లేదు సార్,” అంది ముందు బెంచీలోని తూనీగ. ఒకచోట కుదురుగా ఉండదని ఆ పిల్లనందరూ అలాగే పిలుస్తారు.

పిల్లలు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత వరండాలో టీచర్ చెప్పింది. “ఈ పన్నెండుమందీ మీలాగే గడగడా చదువుతారండీ. చదివిందేమిటంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. అందుకే పేరా పేరాకీ ఆపి, ఎవరు, ఎవరి గురించి, ఎందుకు అని అడుగుతాను. మీ గొంతు వాళ్ళకి నచ్చింది. శనివారాలు వచ్చి చదవండి, ప్రశ్నలు నేనడుగుతాను.”

‘మీలాగే’ అని ఆమె మామూలుగానే అంది. నాకే గుచ్చుకుంది. చిన్నప్పటినుంచీ దాచుకున్న రోగం అదే. గొంతు బాగుందని మెచ్చుకున్నవాళ్ళే గానీ, అర్థమైందా అని అడిగినవాళ్ళు లేరు. అయినా వెళ్ళాను. పిల్లల మీద ప్రేమతోనే వెళ్ళానంటే మా అక్క కూడా నమ్మలేదు.

ఆరో శనివారం పిల్లలింకా సర్దుకుంటుండగా ఆమె నా చేతిలో మడత పెట్టిన కాగితం ఉంచి, “చదవండి,” అని చాక్‌పీసులు తేవడానికి వెళ్ళింది. పాఠం కాగితాలు ఎప్పుడూ అలాగే ఇస్తుంది. విప్పి, గొంతు సవరించుకుని, వార్తల ఫక్కీలో అందుకున్నాను.

“‘శుక్రవారం సాయంత్రమే రెండు కుర్చీలు తుడిచిపెడతాను. పాఠం అయ్యాక రెండో కుర్చీ ఖాళీ అవుతుంది. దాన్ని వెంటనే లోపల పెట్టబుద్ధి కాదు. ఇంకాసేపు ఉండమని అడగాలనుంటుంది. అడగలేను.’”

పేరా అయింది. టీచర్ రాలేదు కదా అని ప్రశ్న నేనే వేశాను. “ఎవరు, ఎవరి గురించి?”

మొట్టమొదటిసారి పన్నెండు చేతులూ లేచాయి.

“టీచర్, సార్,” అంది తూనీగ. “రెండో కుర్చీ మీది. మీరెళ్ళిపోతే టీచర్‌కి దిగులు.”

గుమ్మంలో చాక్‌పీసుల డబ్బాతో టీచర్ నిలబడి ఉంది. మొహం కందగడ్డయింది. డబ్బా బల్లమీద పెట్టి బయటికి వెళ్ళిపోయింది.

మెట్ల దగ్గర ఆమెను అందుకున్నాను.

“నలుగురిలో నన్ను నవ్వులపాలు చెయ్యడానికా చదివారు?”

సరదాకి చదివానంటే సరిపోయేది. మొద్దునని తెలిసిపోవడం కంటే కొంటెవాణ్ణనిపించుకోవడమే నయమనిపించింది, ఒక్క క్షణం. ఆమె కళ్ళు చూశాక ఆ అబద్ధం నోటికి రాలేదు.

“లేదండీ. పాఠమనుకున్నాను. చదివేది ఏదీ నా బుర్రకెక్కదు. నేను చదివిన వార్తలేమిటో ఇంటికెళ్ళి మా అక్కనడిగి తెలుసుకుంటాను.”

సిగ్గుతో తలెత్తలేకపోయాను. భూమి చీలితే అందులోకి దిగిపోయేవాణ్ణి.

“మొదటిరోజే తెలిసింది,” అంది ఆమె. “మీరే చెప్తారేమోనని ఆరు వారాలు చూశాను. ఇంతని మాత్రం అనుకోలేదు.”

“ఇక రావద్దంటారా?”

“రండి. కుర్చీలో కాదు, పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవాలి.”

“కూర్చుంటాను. ముందు ఒక్క మాట. ఇది ఎవరో రాసిచ్చింది కాదు. మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుంది.”

గొంతు వణికింది. మైకు ముందు ఏనాడూ వణకలేదు.

“అర్థమైంది,” అంది ఆమె. “మా నాన్నగారికి కూడా మీరే చెప్పండి. కాగితం లేకుండా.”