నాట్టో తిన్నవాళ్ళకి ప్రవేశం లేదు

"పొద్దున నాట్టో తిన్నారా?"

పలకరింపు లేదు, లోపలికి రమ్మనడం లేదు. తలుపు సందులోంచి సూటిగా ఆ ప్రశ్నే వచ్చింది. వానలో గొడుగు పట్టుకుని నిలబడ్డ నవోకి తెల్లబోయాడు.

"తిన్నానండీ, రోజూ తింటాను. పులిసిన సోయా గింజలు ఒంటికి ఎంత మంచివని! ఆస్పత్రిలో డైటీషియన్ని నేను. ఊరందరికీ అదే చెబుతా..."

"వెనక్కి! మూడడుగులు వెనక్కి!"

మూడో అడుగు నేరుగా నీటిగుంటలో పడింది.

జపాన్‌లోని అకితాలో పేరున్న కోజి దుకాణం అది. ఉడికించిన బియ్యానికి తెల్లటి బూజు పట్టించి కోజి తయారుచేసే వెచ్చటి గది ఆ ఇంటికి ప్రాణం. నాట్టోలోని సూక్ష్మజీవి చొక్కా అంచున అంటుకుని లోపలికొచ్చినా చాలు, గదిలో బియ్యమంతా పారబోసుకోవాల్సిందే. నవోకి ఈ సంగతి కాలేజీలో చదివి, పరీక్షలో రాసి, శుభ్రంగా మర్చిపోయాడు.

ఆ దుకాణం నడిపే చిజురు తలుపు ఇంకాస్త తీసింది. తలకి తెల్లగుడ్డ, మోచేతులకి అంటుకున్న మెతుకులు, ముక్కు మీద కోపం. ఆ కోపం కూడా నవోకికి అందంగానే కనిపించింది, ఏం చేస్తాం!

"ఇంతకీ ఎందుకొచ్చారు?"

"మీ తాతయ్యగారి కోసం."

కోపం చప్పున దిగిపోయింది. చిజురుని పెంచిన గెంజో తాతయ్య పక్షవాతంతో ఆస్పత్రిలో ఉన్నాడు. నమలలేడు. రుబ్బి పెట్టిన తిండి చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు.

"శుక్రవారం లోపు తినకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తామన్నారు డాక్టరుగారు," వాన హోరులో అరిచి చెప్పాడు నవోకి. "చికెన్ ముక్క ముక్కలాగే కనపడాలి, నాలుకతో నొక్కితే నలిగిపోవాలి. మీ కోజిలో ఎంజైములున్నాయి కదా! మాంసాన్ని ముందే చిన్నచిన్న తునకలుగా విడగొడతాయి. పళ్ళు, పొట్ట చేయాల్సిన పని సగం అవే చేసేస్తాయి."

"మాకే చెబుతున్నారా? తాతయ్య బతుకంతా పెంచింది వాటినే." చిజురు మోచేతి మెతుకులు దులుపుకుంది. "రేపు రండి. నాట్టో ముట్టకుండా, తలంటుకుని, ఉతికిన బట్టలేసుకుని!"

మర్నాడు నవోకి పెళ్ళికొడుకులా తయారై వచ్చాడు. గదిలో కాల్చిన చెస్ట్‌నట్ గింజల వాసన. చిజురు బియ్యంలోకి అరచెయ్యి దూర్చి, కళ్ళు మూసుకుని, ఒక పక్క మెల్లగా కదిపింది.

"థర్మామీటరు ఉందిగా?"

"అది డిగ్రీలు చెబుతుంది. వీటికి ఉక్కపోస్తోందో లేదో చెప్పదు."

గింజగింజకీ మెత్తటి తెల్లనూగు. పుస్తకాల్లో ఎంజైముల పేర్లన్నీ బట్టీపట్టిన నవోకి, వాటిని చంటిపిల్లల్లా చూసుకునే మనిషిని అప్పుడే చూశాడు. అతని మనసు అక్కడే ఉండిపోయింది.

గురువారం పొద్దున్నే చిజురుకి ఫోన్ చేశాడు. "ముక్క చెప్పు అట్టలా అయింది!"

ఆమె పరుగున ఆస్పత్రి వంటింటికి వచ్చింది. "ఏం చేశారు?"

"మీరిచ్చిన కోజి కలిపి వెంటనే మరిగే నీళ్ళలో..."

"ఎంజైముల్ని ఉడికించి చంపేశారా? పాపం, పని మొదలెట్టనే లేదు అవి! డైటీషియన్‌ట!"

"కంగారులో..." నవోకి తల వంచుకున్నాడు. "తాతయ్యగారు తినాలని."

చిజురు నడుముకి ఏప్రన్ కట్టింది. కోజి లోపలిదాకా ఇంకేలా, గడ్డకట్టించి కరిగించిన పల్చటి చికెన్ ముక్కలకి దాన్ని పట్టించి, గోరువెచ్చగా ఉంచి, గంటల తరబడి ఇద్దరూ కాపలా కాశారు. అతను డిగ్రీలు చదివేవాడు, ఆమె గిన్నె తాకి "ఊఁ, బాగుంది" అనేది. చివర్న బాగా ఆవిరి పట్టించారు.

శుక్రవారం మధ్యాహ్నం. గెంజో పళ్ళెం వైపు అనుమానంగా చూశాడు.

"చికెనేనా?"

"చికెనే తాతయ్యా. మన కోజితో."

ముక్క నోట్లోకి వెళ్ళింది. ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. గొంతు కదిలింది. దగ్గు రాలేదు.

"ఇంకోటి."

చిజురు చటుక్కున గోడవైపు తిరిగి ఏడ్చేసింది. నాలుగు ముక్కలయ్యేసరికి, గుమ్మంలో నిలబడ్డ డాక్టరు గొట్టం మాట ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

"రేపు ఎవరు వండుతారు?" అడిగాడు గెంజో.

"నేనే," అన్నాడు నవోకి. "రేపూ, ఎల్లుండీ... మీరు ఇంటికెళ్ళాక కూడా. చిజురు గారు పక్కనుంటే ఎన్నేళ్ళైనా వండుతాను." ఆమె వైపు తిరిగాడు. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ, చిజురు గారూ."

చిజురు మొహం ఎర్రబడింది. "పేషెంటు మంచం దగ్గర ఎవరైనా ఇలాంటివి చెబుతారా? ఆలోచించుకోనివ్వండి..."

"ఒప్పుకోవే," అన్నాడు గెంజో, నోరు తెరిచి కూర్చుని. "ముక్క చల్లారిపోతోంది."

చిజురు ఐదో ముక్క తాతయ్య నోట్లో పెట్టి, నవోకి కళ్ళలోకి చూసి, "సరే" అంది.