కొత్త రౌటర్‌కు ప్రార్థన

మనోహర్ చచ్చిపోయి స్తంభానికి వేలాడుతుంటే కింద జనం వీడియోలు తీసుకున్నారు. కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఆ పూటకు అంతకంటే వినోదం లేదు. నడుముకు కట్టుకున్న బెల్టు అతన్ని కింద పడకుండా కాపాడింది. కాపాడి ప్రయోజనం లేదు. టీవీ కేబుల్ తీగలోకి ఎవరో కావాలనే కరెంటు వదిలారు. అతను పైనించి అరిచింది తెలుగులో కాబట్టి కిందవాళ్ళకు అర్థం కాలేదు. ఫైర్ బ్రిగేడ్ వచ్చి దించింది. ఎవరో ఒక కేబుల్‌వాడు పోయాడనుకుని అందరూ టీ తాగడానికి వెళ్ళారు.

పోయినవాడు కేబుల్‌వాడు కాదు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో పేరున్న ఏజెంట్.

ఆ పేరు ఇకమీద ఎవరూ తలుచుకోరని హౌరా స్టేషన్ పక్క లాడ్జి గదిలో చీఫ్ రఘురాం మాటతీరే చెప్పేసింది. ఆయన ఒక సంచీని మంచం మీదకు విసిరాడు.

"మనోహర్‌ది. నీకు పనికొస్తుంది."

ఎరిక్ సంచీ తెరిచాడు. కటింగ్ ప్లయర్, కనెక్టర్లు, కంపెనీ గుర్తింపు కార్డు. అడుగున టిఫిన్ డబ్బా, మూత తీయకుండా అలాగే ఉంది.

"సార్, ఇందులో అన్నం ఉంది."

"పారెయ్. కార్డు మీద ఫోటో మార్చారు. ఈ మధ్యాహ్నం నువ్వే కేబుల్‌వాడివి. విను."

ఎరిక్ విన్నాడు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన తెలుగువాడు. బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు నీళ్ళలా మాట్లాడతాడు. ఇంకెవరినీ కాకుండా అతన్నే పిలిపించడానికి కారణం ఉంది. పని తెలుగు క్రైస్తవుల ఇంట్లో.

"ఇంటాయన ఇమ్మానుయేలు. పోర్టులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. కొడుకు ప్రవీణ్‌కుమార్ ఒక ప్రైవేటు డిజైన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. కొత్త యుద్ధనౌక ఇంజన్ గది డ్రాయింగులు రూలుకు విరుద్ధంగా ఇంటి ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నాడు. తెలివితక్కువ తప్ప దురుద్దేశం లేదు. ఆ డ్రాయింగులు చూస్తే నౌక నీళ్ళలో ఎలాంటి చప్పుడు చేస్తుందో లెక్క కట్టొచ్చు. ఆ చప్పుడు తెలిసిన శత్రువు చీకట్లో కూడా గురి తప్పడు. నౌకలో ఉన్నవాళ్ళందరూ పోతారు."

"ల్యాప్‌టాప్‌లో ఇంకేముంది?"

"విదేశీ ముఠా వేసిన ప్రోగ్రాం. ఇంట్లోకి ఇంటర్నెట్ రాగానే ఫైల్ దానంతటదే వెళ్ళిపోతుంది. ఆ సందులో మొబైల్ నెట్ నిలవదు కాబట్టి ఇన్నాళ్ళూ ఆగింది. మనోహర్ మోడెమ్ పెట్టొచ్చాడు. రౌటర్ ఇంకా పెట్టలేదు."

"ల్యాప్‌టాప్ పట్టుకొచ్చేస్తే సరిపోతుంది కదా సార్."

"దొంగను పట్టుకోవడం పోలీసుల పని. దొంగకు తప్పుడు సరుకు అంటగట్టడం మన పని." రఘురాం అట్టపెట్టెలోంచి నల్ల రౌటర్ తీశాడు. "ఇది మన ల్యాబ్‌ది. అసలు ఫైల్‌ను ఆపేసి, నకిలీ డ్రాయింగులు పంపిస్తుంది. దీన్ని పెట్టి రా. ఇంట్లో మన మనిషి ఉంది. పేరు షైనీ. మేడ మీద అద్దెకుంటుంది, చర్చి క్వాయర్‌లో పాడుతుంది. ముఠా తనను వాళ్ళ మనిషే అనుకుంటోంది."

"ఆ ఇంటివాళ్ళకు విషయం తెలుసా?"

"ఎరకు ఎవరైనా చెబుతారా?" అన్నాడు చీఫ్.

వాన మొదలైంది. ఎరిక్ కంపెనీ చొక్కా తొడుక్కుని ఆటో దిగేసరికి సందులో మడమల లోతు నీళ్ళున్నాయి. ఇమ్మానుయేలు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. తెల్ల లుంగీ, చేతిలో కళ్ళద్దాలు.

"రా బాబూ, రా. పాత కుర్రోడు ఏడీ?"

"సెలవు పెట్టాడు బాబాయ్."

"ఆడు మంచోడు. అన్నం తినెల్లరా అంటే డబ్బా తెచ్చుకున్నానన్నాడు." ముసలాయన తువ్వాలు ఇచ్చాడు. "పున్నమ్మా, సా పెట్టు. మనోడే, తెలుగోడు."

వంటింట్లోంచి ఆయన భార్య పున్నమ్మ తొంగిచూసింది. టీకి పాలు పొయ్యి మీద పెడుతోంది. "ఏ ఊరు నాయనా? ఖరగ్‌పూరా? అక్కడ మా సెల్లి ఉన్నాదిలే. తల తుడుసుకో, జొరమొస్తాది."

ముందు గదిలో బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. మనోహర్ గోడకు బిగించిన మోడెమ్ మీద లైట్లు పచ్చగా వెలుగుతున్నాయి. ఎరిక్ రౌటర్‌ను పక్కన పెట్టి, మోడెమ్ నుంచి నెట్ తీగ తెచ్చి వెనక రంధ్రంలో గుచ్చాడు. స్విచ్ మీద చెయ్యి వెయ్యబోతే ముసలాయన ఆపాడు.

"ఆగు బాబూ. కొత్త వస్తువేదైనా పెబువుకి సెప్పకుండా స్విచ్చి ఎయ్యం. ఫేనుకి సేసినాం, ఫ్రిజ్జుకి సేసినాం. మోడెమ్‌కీ సేసినాం. మొకం కడుక్కొస్తానుండు."

ఆయన పెరట్లోకి వెళ్ళాడు. ఎరిక్‌కు పరీక్షించకుండా వదిలే అలవాటు లేదు. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, గుట్టుచప్పుడు కాకుండా రౌటర్ ఆన్ చేశాడు. మోడెమ్ దాన్ని గుర్తుపట్టింది. అతని ఫోన్‌లోకి నెట్ వచ్చింది. తృప్తిగా రౌటర్ ఆపి, ల్యాప్‌టాప్ వైఫై మళ్ళీ ఎప్పటిలా పెట్టేశాడు.

అప్పుడే మెట్లు దిగి షైనీ వచ్చింది. పార్క్ స్ట్రీట్ బ్యూటీ పార్లర్‌లో ఉద్యోగమట. నీలం చీర, భుజాన పెద్ద సంచీ. ఆ ఇరుకు గదిలోకి ఆమె వస్తే బల్బు అనవసరమనిపించింది. ఎరిక్ కూడా మనిషే కాబట్టి కాసేపు చూశాడు.

"ఇక్కడ సిగ్నల్ ఎలా ఉంటుంది సిస్టర్?"

"వానొస్తే తక్కువ బ్రదర్. బుధవారమైతే ఎక్కువ."

కోడ్ సరిపోయింది. ఎరిక్ ఊపిరి పీల్చుకున్నాడు. ఈ వృత్తిలో ఆ పని తొందరపడి చెయ్యకూడదు.

ఇమ్మానుయేలు వచ్చి రౌటర్ మీద కుడి చెయ్యి ఉంచబోయి, యంత్రానికి తడి తగులుతుందని గాల్లోనే ఆపాడు. పున్నమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. షైనీ కూడా లాక్కుంది. "అందరం కళ్ళు మూసుకుందాం," అన్నాడాయన.

ఎరిక్ మూసుకున్నాడు.

నిద్రలో కూడా ఒక కన్ను తెరిచి ఉంచమని డిపార్ట్‌మెంట్ అతనికి నేర్పింది. అంతకుముందే వాళ్ళమ్మ నేర్పింది, ప్రార్థనలో కళ్ళు తెరిస్తే చెవి మెలేసి మరీ. పెద్దాయన గొంతెత్తగానే అతని రెప్పలు వాటంతటవే పడ్డాయి. ఇమ్మానుయేలుది పొడుగు ప్రార్థన. సంఘాన్ని తలుచుకున్నాడు, హౌరాలో రైలెక్కే వాళ్ళను తలుచుకున్నాడు, బడ్జ్ బడ్జ్‌లో కాలు విరిగిన మేనల్లుడిని తలుచుకున్నాడు. ఈ యంత్రం వల్ల ఇంటికి మేలు కలగాలన్నాడు. పున్నమ్మ స్తోత్రం, స్తోత్రం అంటోంది. రేకుల మీద వాన దంచుతోంది. ఆ చప్పుడులో గదిలో ఏం జరిగినా వినపడదు.

"ఆమెన్. ఇప్పుడెయ్యి బాబూ."

ఎరిక్ స్విచ్ వేశాడు. రౌటర్ వెలిగింది, కానీ ఇంటర్నెట్ లైటు ఎర్రగానే నిలిచింది. తీగ లాగి మళ్ళీ గుచ్చాడు. ఎరుపే.

"మోడెమ్ ఒకసారి ఆఫ్ చేసి వెయ్యండి అంకుల్," అంది షైనీ మృదువుగా. "రౌటర్ కొత్తది కదా. మోడెమ్ దాన్ని ఇంకా గుర్తుపట్టలేదు."

అలాగేనంటూ ముసలాయన ప్లగ్ పీకి మళ్ళీ పెట్టాడు.

ఎరిక్ వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. గుర్తుపట్టకపోవడమేమిటి? ఇందాక గుర్తుపట్టింది. అంటే ఈ రౌటర్ అది కాదు. చూడ్డానికి అదే మోడల్, అదే నలుపు. ఈ ఇంట్లో ప్రార్థనకు ముందు ఎవరూ స్విచ్ వెయ్యరన్న ధీమాతో ఆమె మాట జారింది. సంచీలో తెచ్చుకున్నది ఇక్కడ పెట్టి, డిపార్ట్‌మెంట్‌ది సంచీలో వేసుకుంది. అతను భక్తిగా కళ్ళు మూసుకున్న సమయంలోనే.

మోడెమ్ మీద పవర్ లైటు వెలిగింది. తర్వాత రెండోది. నాలుగూ వెలిగితే అసలు ఫైల్ దాటిపోతుంది.

అతను తల తిప్పేసరికి షైనీ పైట పిన్నీసు తీసి పున్నమ్మ మెడ దగ్గర పెట్టి ఉంది. మొన మీద ఏదో నల్లగా మెరుస్తోంది.

"ఆఖరి లైటు నిలకడగా వెలిగేదాకా కదలకండి బ్రదర్. ఇది గుచ్చుకుంటే ఆంటీకి విరుగుడు లేదు."

"నువ్వు ఎవరి మనిషివి?"

"ఎక్కువిచ్చేవాళ్ళ మనిషిని. మోడెమ్ పెట్టిన రోజు ప్రార్థన జరుగుతుంటే ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి ఫైల్ కాపీ చెయ్యబోయాను, పడలేదు. మనోహర్ కళ్ళు మూసుకోలేదు, పాపం ఆయనది వేరే మతం. చీఫ్‌కి చెబుతాడేమోనని స్తంభం మీదే ముగించాల్సొచ్చింది. మీరు బుద్ధిగా మూసుకున్నారు."

మూడో లైటు. నాలుగోది మిణుకుమిణుకుమంటోంది.

ఇమ్మానుయేలుకు ఫైళ్ళూ నౌకలూ తెలియవు. పిన్నీసు కనిపిస్తోంది. "బాబూ, కదలకు," అన్నాడు. "నీకు దండం ఎడతాను, కదలకు. ఆయమ్మ అడిగింది ఇచ్చీ."

పున్నమ్మ ఎరిక్ వైపు చూసింది. తల తుడుచుకోమన్న మనిషి. ఆమె బతకాలని అతను నిజంగా కోరుకున్నాడు, తన సొంత తల్లి బతకాలని కోరుకున్నంతగా. కోరుకుంటూనే మనోహర్ ప్లయర్‌తో మోడెమ్‌లోకి వచ్చే కేబుల్‌ను పుటుక్కున కత్తిరించాడు.

నాలుగో లైటు ఆరిపోయింది.

షైనీ మాట మీద నిలబడే రకం. పిన్నీసు పున్నమ్మ మెడలోకి దింపింది. మరుక్షణం ఎరిక్ ఆమె మణికట్టు విరిచాడు, నేలకు అదిమాడు, రౌటర్ తీగతోనే చేతులు కట్టాడు. ఇవన్నీ అతనికి బాగా వచ్చు.

పున్నమ్మ గోడకు చేరబడి కూర్చుంది. "పాలు పొంగిపోతన్నాయి, సూడండి," అంది భర్తతో. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు. ఇమ్మానుయేలు ముందు వెళ్ళి పొయ్యి ఆర్పాడు, ఆమె చెప్పింది కాబట్టి. తిరిగొచ్చి చూసి కూలబడ్డాడు.

ఎరిక్ వరండాలో నిలబడి శాటిలైట్ ఫోన్ తీశాడు.

"ఫైల్?" అన్నాడు రఘురాం.

"ఒక్క ముక్క పోలేదు."

"షైనీ?"

"అమ్ముడుపోయిన మనిషి. ప్రాణాలతో పట్టుకున్నాను."

"గుడ్. ఇంకెవరైనా?"

"ఇంటావిడ పోయింది సార్."

"షాక్ కొట్టిందని రాయించు. ముసలాయనతో చెప్పు, నోరు తెరిస్తే కొడుకు డ్రాయింగులు దొంగిలించిన కేసులో లోపలికి పోతాడని. ఏడిస్తే ఏడవనీ, సంతకం మాత్రం తీసుకో."

ఎరిక్ చెప్పాడు. చెప్పేటప్పుడు తనమీద తనకు అసహ్యం వేసింది. అయినా ఒక్క మాట పొల్లు పోకుండా చెప్పాడు. ఇమ్మానుయేలు ఏడవలేదు, సంతకం పెట్టాడు. "పెవీణు డ్యూటీ నుంచొస్తే ఏటి సెప్పాల బాబూ? షాకనేనా?" అని మాత్రం అడిగాడు.

"అవును బాబాయ్."

ముసలాయన ఒడిలో ఫోన్ మోగింది. ఎరిక్‌కు అందించాడు. "ఇంగిలీసులో ఏటో వొచ్చినాది. సదువు."

కేబుల్ కంపెనీ మెసేజ్. ఎరిక్ చదివి తెలుగులో చెప్పాడు. మీ ఇంటికి వచ్చిన మా టెక్నీషియన్ పనితీరుకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని అడుగుతున్నారు.

"నాకు తెల్దు. నువ్వే నొక్కీ," అన్నాడు ఇమ్మానుయేలు, భార్య కొంగు సర్దుతూ.

ఎరిక్ ఐదూ నొక్కాడు. ఒక్కటి తగ్గినా, ఏం లోపం జరిగిందని వాళ్ళు ఫోన్ చేసి అడుగుతారు.