రాస్క్ ఇంటి హాజరు

కెనడాలో సస్కటూన్ ఊరి నుంచి ఈశాన్యంగా పోయే కంకర రోడ్డు మీద నలభై కిలోమీటర్లు దాటాక, ఎడమ పక్కన పైకప్పు సగం కుంగిన చెక్క ఇల్లు ఒకటి ఉంది. రాస్క్ ఇల్లంటారు. మంచు తుపాను రోజున దాని ముందు ఎవరూ కారు ఆపరు. లోపల ఎవరో పేర్లు పిలుస్తారట... బడిలో హాజరు పిలిచినట్టు, ఒక్కొక్కటిగా. నీ పేరు వినపడితే పలకొద్దంటారు. పలికితే — ఇక బయటికి రావు.

నేను నమ్మేదాన్ని కాదు. ఈ దేశంలో నన్ను భయపెట్టినవాళ్లంతా బతికున్నవాళ్లే.

ఆ ఇంటి సంగతి నాకు ఎలిన్ రాస్క్ చెప్పింది. ఆస్పత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్లు నా పక్క మెషీన్ ఆవిడది. నేను ఎమ్మెస్సీ పట్టా పెట్టెలో దాచి దుప్పట్లు ఉతికాను. ఆవిడ గోధుమ పొలం పోగొట్టుకుని ఉతికింది. ఆ ఇల్లు వాళ్ల నాన్నది.

ఎలిన్ పూర్వీకులు ఉత్తర స్వీడన్‌లో ఒక జిల్లా పదాతి రెజిమెంటులో సిపాయిలు. అక్కడ రాజు ఒక ఏర్పాటు చేశాడట. కొన్ని రైతు కుటుంబాలు కలిసి ఒక సిపాయిని పోషించాలి. వాడికి ఓ గుడిసె, కాస్త చేను, ఒంటికి బట్టలు ఇవ్వాలి. బదులుగా ఆ ఇళ్ల మగపిల్లల్ని సైన్యం లాక్కుపోదు. తమ బదులు చావడానికి ఒకణ్ణి పెట్టుకోవడం అన్నమాట.

సిపాయికి ఒక నంబరు, ఒక పేరు. ఊరంతా ఎరిక్‌లూ అండర్స్‌లే కాబట్టి, గుర్తుకోసం ఓ పొట్టి పేరు తగిలించేవారు. ఎలిన్ వాళ్లది అరవై ఒకటో నంబరు — రాస్క్. వాడు పోతే ఆ నంబరుకి ఇంకొకడు వచ్చేవాడు. అదే గుడిసె. చాలా చోట్ల అదే పేరు. పోయినవాడి పెళ్లాం పిల్లల్ని తీసుకుని గుడిసె ఖాళీ చెయ్యాలి... లేదా కొత్తగా వచ్చినవాణ్ణి పెళ్లాడాలి. పెళ్లాడినవాళ్లూ ఉన్నారట. మరి ఆ చలిలో ఎక్కడికి పోతారు?

1718లో ఆ రెజిమెంటుని నార్వే మీదికి తోలారు. తోలిన రాజు ఇంకోచోట గుండు తగిలి చచ్చాడు. ఇక ఇళ్లకి పొమ్మన్నారు. కొత్త సంవత్సరం రోజుల్లో కొండ దాటబోతే తుపాను పట్టుకుంది. తుపాకుల చెక్క పిడులు విరిచి మంట వేసుకున్నారు. అదీ అయిపోయింది. ఆ సైన్యంలో దగ్గరదగ్గర మూడు వేల మంది మంచులో కొయ్యబారిపోయారు. అందులో అరవై ఒకటో నంబరు రాస్క్ ఒకడు. మంచు కరిగి వాడి శవం బయటపడకముందే, ఆ పేరు ఇంకొకడికి ఇచ్చేశారు.

ఆ ఏర్పాటు ఎత్తేశాక ఎలిన్ తాత ఇక్కడికి వచ్చి పొలం కొన్నాడు. సిపాయి పేరే ఇంటిపేరైంది. ఎలిన్ నాన్నకి ఒక అలవాటు. జనవరిలో తుపాను లేచిందంటే వీధి తలుపు బార్లా తీసి, లాంతరు పట్టుకుని, ఆ రెజిమెంటు పాత జాబితా చదివేవాడట. నంబరు... పేరు. నంబరు... పేరు. రండి, లోపల వెచ్చగా ఉంది అని. ఆ పేరు మోస్తూ చలిలో పోయినవాడు ఎవడైనా సరే, ఈ ఇంట్లోకి రావచ్చు అనేవాడట.

మీ నాన్నకి పిచ్చా అన్నాను. పిచ్చే, ఆయన పుణ్యమా అని జనవరి అంతా మా ముక్కులు కారేవి, అంది.

ఆయన పోయి ముప్పై ఏళ్లయింది. ఇల్లు పాడుబడింది. పిలుపు మాత్రం ఆగలేదంటారు.

ఇక తారక్‌కి జరిగింది చెబుతాను. ఇక్కడికి వచ్చిన మన తెలుగు కుర్రాడే, నన్ను ఆంటీ అంటాడు. వాడే నా వంటింట్లో కూర్చుని చెప్పాడు.

ఆ రోడ్డు చివర పప్పులు శుభ్రం చేసే ప్లాంటు ఉంది. ఇక్కడ పండిన మసూర్ పప్పు అక్కడ బస్తాలకెక్కి మన దేశానికే పోతుంది. బస్తాలు ఎత్తేదీ మన పిల్లలే. తారక్‌కి వర్క్ పర్మిట్ ఉంది, ఎన్ని గంటలైనా చెయ్యొచ్చు. వాడి స్నేహితుడు అభిరామ్ యూనివర్సిటీ స్టూడెంట్. అతనూ అక్కడే పని చేసేవాడు కానీ, స్టూడెంట్ కాబట్టి వారానికి ఇరవై నాలుగు గంటలు దాటకూడదు. ఇద్దరూ ఒకే అద్దె ఇంట్లో ఉండేవారు — పైన తారక్, కింద బేస్‌మెంట్‌లో అభిరామ్, అతని భార్య ధరణి.

ఆ డిసెంబరు ముప్పై ఒకటిన తారక్‌కి పార్టీకి పోవాలనిపించింది. ఆ వారం గంటలు అయిపోయిన అభిరామ్‌ని తన పేరుతో రాత్రి షిఫ్టుకి పొమ్మని, తన బ్యాడ్జి తీసి చేతిలో పెట్టాడు.

"దీని మీద నీ ఫొటో ఉంది కదరా."

"టోపీ లాక్కో మామా. ఆ ఫోర్‌మన్‌కి మనందరిదీ ఒకటే మొహం."

నవ్వుకున్నారు. మన పిల్లలు ఎంతోమంది చేసే పనే. తప్పని వాళ్లకి తెలుసు. గంటలకి గీత గీసినవాళ్లూ, తుపాను వస్తోందని తెలిసి షిఫ్టు నడిపినవాళ్లూ ఆ రాత్రి హాయిగా నిద్రపోయారు. అది కూడా రాసుకోవాలి ఎక్కడో.

తిరుగు దారిలో అభిరామ్ కారు రోడ్డు పక్క గోతిలోకి జారింది. నడిచాడు. రాస్క్ ఇంటికి రెండు వందల అడుగుల దూరంలో పడిపోయి... తెల్లారి దొరికాడు. జేబులో తారక్ బ్యాడ్జి.

పోలీసులు వచ్చి తలుపు కొడితే, తీసింది తారకే. తారక్ అనే మనిషి చనిపోయాడు, మీరు ఆయనకి ఏమవుతారని అడిగారు.

నిజం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. కానీ పీఆర్ ఫైలు, అంటే ఇక్కడే స్థిరంగా ఉండిపోయే అనుమతి, సగంలో ఉంది. వాడి నోటికొచ్చింది ఇంతే — తారక్ నేనేనండీ, ఆ బ్యాడ్జి వారం కిందట పోయింది.

అభిరామ్ దొంగయ్యాడు. గంటలు అయిపోయాక పరాయి బ్యాడ్జి కాజేసి ప్లాంటులోకి దూరినవాడు. పని మీద పోయిన మనిషి కాదని ధరణికి కాగితం ఇచ్చారు. ఆ పిల్ల ఏడాది పాటు ఆఫీసులన్నీ తిరిగింది. ఇంకేమీ అడగలేదు. మా ఆయన దొంగ కాదని ఒక్క ముక్క రాసివ్వండి, అంతే. తారక్‌నీ అడిగింది. అన్నయ్యా, మీకేమైనా తెలుసా అని. తెలియదమ్మా అన్నాడు.

మళ్లీ జనవరి వచ్చింది. సాయంత్రం ఆరు. ఇక్కడ ఆ వేళకి చీకటి బావిలా ఉంటుంది. తారక్ షిఫ్టు దిగి ఒంటరిగా వస్తున్నాడు. గాలి లేచింది. రోడ్డు కనపడలేదు. కారు మంచులో కూరుకుని ఇంజను ఆగిపోయింది.

ఎదురుగా రాస్క్ ఇల్లు.

మైనస్ ముప్పై రెండు. కార్లో ఉంటే చావు ఖాయం. ఆ ఇంటికి గోడలైనా ఉన్నాయి. వెళ్లాడు. విరిగిన తలుపు తోసుకుని ఓ మూల ముడుచుకున్నాడు.

కాసేపటికి... బయట బూట్ల చప్పుడు. ఒకటి కాదు. వందలు. గడప దగ్గర మంచు దులుపుకుంటున్న చప్పుడు.

ఎవరో ముసలాయన గొంతు, తెలియని భాషలో, తీరిగ్గా చదవడం మొదలుపెట్టింది. ఒక్కో పిలుపుకీ ఒక్కో జవాబు. రాస్క్ అన్న మాట ఒక్కటే వాడికి తెలిసింది. దానికి ఒక గొంతు కాదు, ఐదారు గొంతులు పలికాయి — ఒకదాని వెనక ఒకటి, ముసలివీ, పడుచువీ.

జాబితా అయిపోయింది. గాలి కూడా ఆగింది.

అప్పుడు ఆ ముసలి గొంతు స్పష్టంగా పిలిచింది —

"తారక్."

వాడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. పలకకూడదు... పలకకూడదు...

వాడి భుజం పక్కనే ఎవరో పలికారు.

"ప్రెజెంట్ సార్."

ప్లాంటులో ఫోర్‌మన్ పేర్లు చదివేటప్పుడు అందరూ "హియర్" అనేవాళ్లు. చిన్నప్పటి బడి అలవాటు పోక "ప్రెజెంట్ సార్" అని అందరినీ నవ్వించేవాడు ఒక్కడే. అభిరామ్.

తెల్లవారుజామున మంచు తీసే బండివాడు తారక్‌ని ఆ ఇంట్లోంచి మోసుకొచ్చాడు. రెండు వేళ్లు పోయాయి. ఆస్పత్రి నుంచి నేరుగా నా దగ్గరికే వచ్చాడు. చెప్పినంతసేపూ గోడకేసి చూస్తూ చెప్పాడు.

"ఆంటీ, నాకు పిచ్చెక్కిందంటారా?"

"ఎక్కితే బావుండును నాయనా. నాకు చెప్పి ఏం లాభం? చెప్పాల్సిన మనిషి మీ ఇంటి మెట్ల కిందే ఉంది."

చెప్పాడు. మర్నాడు ఆఫీసుకి వెళ్లి, బ్యాడ్జి నేనే ఇచ్చానని రాసి సంతకం పెట్టాడు. వాడి పీఆర్ ఏమవుతుందో ఇప్పటికీ తెలియదు. ధరణి కాగితంలో మాత్రం దొంగతనం అన్న మాట కొట్టేశారు. కాగితం మీద అభిరామ్ పేరు అభిరామ్‌కి తిరిగొచ్చింది.

ఆ పిల్ల వాణ్ణి తిట్టలేదు, కొట్టలేదు. తిడితే వాడికి తేలికయ్యేది. ఆ ఇల్లు ఎక్కడుందో చూపించమంది.

వెళ్లారు. మళ్లీ తుపాను లేచిన సాయంత్రమే వెళ్లారు. గడప ముందు నిలబడి ధరణి పిలిచింది.

"అభీ..."

గాలి.

"అభీ, నేను... ధరణిని. నీ మీద పడ్డ మాట పోయింది అభీ. కొట్టేశారు."

చెక్కల సందుల్లోంచి మంచు రాలింది. అంతే. పావుగంట పిలిచింది. గొంతు బొంగురుపోయింది. లోపల ఎవరూ లేనట్టే ఉంది.

ఆమె ఇటు తిరిగి మెల్లగా అంది — "అన్నయ్యా, మీరు వెళ్లి కార్లో కూర్చోండి."

కూర్చున్నాడు. అద్దాలన్నీ ఎక్కించుకున్నాడు. కాసేపటికి ఆమె గొంతు వినపడింది. ఇన్నేళ్లలో అన్నయ్యా అనే తప్ప పేరు పెట్టి ఎన్నడూ పిలవని మనిషి — పేరు పెట్టి పిలుస్తోంది.

"తారక్..."

వాడి చెయ్యి డోరు మీదికి పోయింది. అంతలో ఇంటి లోపలి నుంచి, ఆ పేరు మోస్తూ చలిలో పోయినవాడి జవాబు వచ్చింది.

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ధరణి గడప మీద కూలబడి, తలుపుకి చెంప ఆనించి, మెత్తగా, మెల్లగా అడుగుతోంది —

"తారక్... చలేస్తోందా?"