పక్కదారి పట్టిన తెల్లబంతి

“మా ఆయన చెయ్యిని ఎవరో చంపుతున్నరు సార్” అంది రాధిక.

జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గర, రెండో అంతస్తులోని ఆ చిన్న ఆఫీసులో డిటెక్టివ్ దివాకర్ బెదిరింపుల గురించి, మాయమైన మనుషుల గురించి చాలా విన్నాడు. ఒక చేతిని చంపడం గురించి వినడం ఇదే మొదలు. బయట రెండు రోజులుగా ముసురు. కిటికీ అద్దం మీద నీళ్లు జారుతుంటే ఊరంతా కరిగిపోతున్నట్టు కనిపిస్తోంది.

“ఏ చెయ్యి?” అన్నాడు దివాకర్.

“కుడి చెయ్యి.”

అసిస్టెంట్ వందన నోట్‌బుక్ తెరిచింది. మొదటి ప్రశ్నగా తనైతే ‘ఎవరి మీద అనుమానం’ అని అడిగేది. సార్ చేతితో మొదలుపెట్టాడు. మూడేళ్లుగా చూస్తున్నా ఆమెకు ఈ ముచ్చట తీరలేదు.

రాధిక చెప్పింది. ఆమె భర్త ధనుంజయ్ సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. వారమంతా మరమగ్గాల మధ్యే. ఆదివారం మాత్రం కోరుట్ల పోయి, బల్ల మీద బంతుల్ని కర్రతో కొట్టే పూల్ ఆట ఆడతాడు. మొన్నటి టోర్నమెంట్‌లో అతనే గెలిచాడు. ఎల్లుండి హైదరాబాద్‌లో రాష్ట్ర జట్టుకు సెలెక్షన్. కానీ పదిహేను రోజులుగా అతను కొట్టిన బంతి అనుకున్న చోటికి పోవడం లేదు.

“మా మామకు కుడి చెయ్యి పడిపోయింది సార్. మల్ల లేవలె. ఇగ నా వంతచ్చింది అంటున్నడు ఈయన. చాయ్ గ్లాసు గూడ ఎడమచేత్తోనే పడ్తున్నడు. డాక్టర్ అన్ని టెస్టులు చేసి ఏం లేదన్నడు. ఈయన ఇనడు. సెలెక్షన్‌కు పోను, చెయ్యి పోయినోనికి ఆటెందుకు అని పండుకున్నడు.” ఆమె గొంతు తగ్గించింది. “వాడకట్టోళ్లు బాణామతి అంటున్నరు. కోరుట్ల దినేశ్ చేపిచ్చిండంటున్నరు. ఫైనల్ల ఓడిపోయింది ఆయనే.”

“ఆడే కర్ర ఎప్పుడన్న మీ ఆయన దగ్గర లేకుండ ఉన్నదా?”

“ఫైనల్ అయినంక వానల తడుస్తదని దినేశ్ నడిపే పూల్ పార్లర్ల పెట్టి అచ్చిండు. మూడు దినాలు ఆడనే ఉండె.”

దివాకర్ కారు తాళాలు తీసుకున్నాడు.

సిరిసిల్ల చేరేసరికి ముసురు ఆగింది. కానీ వాన చప్పుడు ఆగలేదు. అది సాంచాల చప్పుడని గ్రహించడానికి వందనకు కొంతసేపు పట్టింది. ఆ చప్పుడు గల్లీలన్నిటినీ ఊయలలా ఊపుతోంది.

ధనుంజయ్ నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది, ఎవరో దాచమని ఇచ్చిన వస్తువులా.

“గ్లాసు ఎప్పుడన్న జారిందా తమ్మీ?” అడిగాడు దివాకర్.

“జారలె. జారకముందే ఎడమచెయ్యి అలవాటు చేస్కుంటున్న.”

“తెగిన దారం ముడేస్తున్నవా?”

“ఏస్తున్న.”

“బంతులన్ని తప్పుతున్నయా?”

ధనుంజయ్ మొదటిసారి తలెత్తాడు. “నడిమిట్ల కొడితె సక్కగనే పోతున్నయ్ సార్. సైడ్ పెడితెనే తప్పుతున్నయ్. బంతి బొంగరం లెక్క తిరగాలంటె నడిమిట్ల గాదు, పక్కకు కొట్టాలె. ఎడమ దిక్కు కొడితె బంతి కుడికి జరుగుతున్నది. కుడి దిక్కు కొడితె ఎడమకు. జరుగుడు ఎప్పుడూ ఉండేదే, కానీ గింత గాదు.”

దివాకర్ మూలనున్న క్యూ కర్ర తీసుకున్నాడు. దాని వెనుకభాగంలో ఒకచోట నల్లదారం చుట్టి ఉంది.

“ఇదేంది?”

“తూకం సార్. వేలి మీద పెడితె కర్ర యాడ నిలుస్తదో ఆడ కట్టిన. దానికి జానెడు ఎనుక పట్టుకుంట.”

దివాకర్ ఆ దారం కింద వేలు పెట్టాడు. కర్ర ఒక క్షణం నిలిచి, నిద్రలోకి జారే తలలా మెల్లగా ముందుకు వాలింది. వేలిని అంగుళం ముందుకు జరిపాడు. నిలిచింది. వందన రాసుకుంది.

“దినేశ్ కాక ఇంకెవరన్న ముట్టుకున్నరా?”

“కొమురెల్లి తాత. నాడెలు బాగు చేస్తడు. కర్రను నున్నగ రుద్దేది ఆయననే. కోరుట్ల నుంచి తెచ్చిన దినమే ఇచ్చిన, తెల్లారి తెచ్చుకున్న.”

కొమురెల్లి కొట్టు రెండు గల్లీల అవతల ఉంది. ధనుంజయ్‌ను, రాధికను వెంటబెట్టుకుని వెళ్లారు. మగ్గంలో దారాన్ని ఇటు నుంచి అటు మోసే నాడెలు గోడ పొడవునా చిన్న పడవల్లా వరుసగా ఉన్నాయి. డెబ్బై ఏళ్ల కొమురెల్లి ఆ పడవల రేవులో ఒంటరిగా కూర్చున్నట్టున్నాడు.

“వీళ్ల నాయిన నా దోస్తు సారు. చెయ్యి పడిపోయిన దినం నేనే ఎత్తుకొని దవాఖానకు ఉరికిన. గిప్పుడు పిలగానికి గూడ…” అతను కళ్లు తుడుచుకున్నాడు.

దివాకర్ ఒక నాడె తీసి, దాని ఇనుప మొనను బొటనవేలితో తడిమాడు. “మూతి ఇంత బరువెందుకు తాతా?”

“బరువుంటెనే గద సక్కగ ఉరుకుతది. మూతి తేలికైందనుకో, ఎగిరి మనిషి కన్ను దీస్తది.”

“నిజమే” అన్నాడు దివాకర్. “మీరు గూడ మాతోని కోరుట్ల రావాలె.”

చందుర్తి దాటాక తడిసిన పొలాల మీద మబ్బు నీడలు నిదానంగా కదిలాయి. కారు వెనక సీట్లో రాధిక, ధనుంజయ్, కొమురెల్లి ఇరుక్కుని కూర్చున్నారు, క్యూ కర్ర వాళ్ల కాళ్ల దగ్గర ఉంది.

కోరుట్ల పార్లర్‌లో దినేశ్ ఒక్కడే ఉన్నాడు. ఆకుపచ్చ గుడ్డ మీద దీపం వెలుగు పల్చటి మంచులా పరుచుకుంది. ఎవరితో వస్తోందో రాధిక ముందే ఫోన్ చేసి చెప్పింది; ఆమెను చూడగానే అతను నవ్వాడు.

“ఏంది వదినా, డిటెక్టివ్‌ను తెచ్చినవ్, నిమ్మకాయలు తేవడం మరిచినవా? బాణామతి చేసేటోడినైతె ఫైనల్‌కు ముందే చేద్దును గద.”

“నవ్వకు దినేశ్. ఆయన అన్నం గూడ సక్కగ తింటలేడు” అంది రాధిక.

అతని నవ్వు ఆగిపోయింది. దివాకర్ అడగకముందే, ఫైనల్లో ధనుంజయ్‌ను గెలిపించిన సైడ్ షాట్ వీడియో తీసి ఫోన్ ఇచ్చాడు. “మూడు దినాలు కర్ర గీ బీరువల్నే ఉండె సార్. తాళం నా దగ్గరనే. ఇంతకంటె ఏం చెప్పుమంటరు?”

ధనుంజయ్ బలవంతాన బల్ల మీదకు వంగాడు. తన కర్రతో అదే షాట్ కొట్టాడు. తెల్లబంతి ఎర్రబంతిని రాసుకుంటూ పోయింది. ఎర్రబంతి బల్ల మూలనున్న జేబు అంచుకు తగిలి వెనక్కి వచ్చింది. అతను కర్ర కింద పెట్టి గోడ దిక్కు తిరిగాడు. వందన ఆ షాట్‌ను తన ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసింది. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి దివాకర్ అందరినీ పిలిచాడు.

“చూడుండ్రి. మోచెయ్యి కదలకుండ మేకు లెక్క నిలిచింది. కింది చెయ్యి గడియారం లోలకం లెక్క ఊగుతున్నది. బంతిని తాకేటప్పుడు నిట్టనిలువుగ ఉన్నది. పట్టు సూడుండ్రి, పిట్టపిల్లను పట్టినట్టు. కర్ర ముందుకు పోంగనే చివరి రెండు వేళ్లు తెరుసుకుంటున్నయ్. బిగుసుకుంటె కర్ర వంకరయ్యేది. రెండింట్ల ఏమన్న తేడా ఉన్నదా?”

లేదు. ఒకే కల రెండోసారి వచ్చినట్టు ఆ చెయ్యి ఊగుతోంది.

“కర్ర బంతిని తాకేది సెకనుల వెయ్యో వంతు. అంతల చెయ్యి చేసేదేం లేదు, అంతా కర్ర మొననే చేస్తది. పక్కకు కొట్టినప్పుడు మొన తేలికైతె, తనే కొంచెం పక్కకు జరిగి బంతికి దారిస్తది. మొన బరువైతె జరగదు, బంతినే నూకుతది. నడిమిట్ల కొడితె పక్కకు నూకుడే ఉండదు. అందుకే సక్కటి షాట్లు చెడలె, సైడ్ షాట్లే చెడ్డయ్.”

దినేశ్ నడుముకు, కర్ర మొనకు రుద్దే చాక్ పెట్టుకునే చిన్న అయస్కాంతం ఉంది. దివాకర్ దాన్ని అడిగి తీసుకుని క్యూ మొన దగ్గర పెట్టాడు. టక్కున అతుక్కుంది. కర్రకు అయస్కాంతం అతుక్కుని వేలాడుతుంటే రాధిక నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

“లోపల ఇనుము ఉన్నది. దానివల్లనే తూకం దారం దగ్గరి నుంచి అంగుళం ముందుకు జరిగింది.”

రాధిక దినేశ్ వైపు చూసింది.

“దినేశ్ గాదమ్మా. చెడగొట్టేటోడు మొన మీది తోలుబిళ్ల పీకుతడు, కర్ర వంచుతడు. ఇది చూడు. సన్నటి మొన లోపలికి బెజ్జం తొలిచి, నాడె ఇనుము దించి, మల్ల అతుకు కనబడకుండ నున్నగ రుద్దిండ్రు. ఒక రాత్రంత కూసుంటె గాని కాదు. ఇది పగతోని చేసిన పని గాదు.”

కొమురెల్లి కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

“మూతి బరువుంటె బంతి సక్కగ ఉరుకుతదనుకున్న” అన్నాడు. “అడుగుతె అద్దంటడని చెప్పలె. గెలిచి అచ్చినంక చెప్దామనుకున్న.”

“తప్పుతున్నదని తెలిసినంకన్న చెప్పాలె గద తాతా?” అంది వందన.

“నాకు వాళ్ల నాయిన చెయ్యే యాదికచ్చింది బిడ్డా. నేను చేసిన నాడె యాభై ఏండ్ల ఎన్నడు పక్కకు పోలె. నా పని మీద నాకు అనుమానమెట్ల అస్తది?”

“నాడెను ఎవ్వరూ పక్కకు కొట్టరు తాతా” అన్నాడు దివాకర్ మెత్తగా. “దాని మీద పడే దెబ్బ ఎప్పుడూ నడిమిట్లనే.”

ముసలాయన లేచి కర్ర అందుకోబోయాడు. “తీస్త. గిప్పుడే తీస్త.”

“తీస్తె మొన పగుల్తది” అన్నాడు దినేశ్. “ధనుంజయ్, నా కర్ర తీస్కపో. ఎల్లుండికి అలవాటైతది.”

ధనుంజయ్ ఎవరి మాటా విన్నట్టు లేదు. కుడి అరచెయ్యి దీపం కిందికి తెచ్చి, వేళ్లు ఒక్కొక్కటే ముడిచాడు, తెరిచాడు. చాలా దూరం నుంచి ఇంటికి వచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు.

“సార్, ఎప్పటికంటె ఎంత ఎక్కువ జరుగుతది?”

“నీ వీడియోల కొలిచిన. మూడడుగులు పోయేవరకు రెండు వేళ్లంత.”

“ఎప్పుడూ గంతేనా?”

“అదే సైడ్ పెడితె, అదే జోరుతోని కొడితె గంతే. ఇనుము మాట మార్చదు.”

“అయితె తీయకు తాతా. నీ బరువు నాకు ఎరుకైంది.”

అతను వంగాడు. ఎర్రబంతిని వదిలేసి, దానికి రెండు వేళ్ల అవతల, ఏమీ లేని చోటికి గురి పెట్టాడు. చెయ్యి ఊగింది. తెల్లబంతి దారి తప్పుతూ, తిరుగుతూ, సరిగ్గా ఎర్రబంతి దగ్గరికే వచ్చింది. ఎర్రబంతి మూల జేబులోకి జారిన చప్పుడు ఆ గదిలో చాలాసేపు వినిపించినట్టయింది.

కొమురెల్లి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. రాధిక ఏడుస్తోంది.

“ఇంకోటి పెట్టు దినేశ్” అన్నాడు ధనుంజయ్. “ఈసారి రెండో దిక్కు కొడ్త.”