తోడు కంకణం

డాక్టర్ భార్గవ బ్రాందీ సీసా మూత తీసి లాస్య ముక్కు దగ్గర పెట్టాడు. ఆమె చేతి కంకణం భగ్గున ఎర్రగా వెలిగింది. చూడ్డానికి వచ్చిన అత్త ఉషారాణి కుర్చీలో వెనక్కి జరిగింది.

"చూశారా! చుక్క కూడా తాగలేదు. తాగాలనిపించింది, అంతే. అది కూడా దాగలేదు" అన్నాడు భార్గవ.

ఆ యంత్రం పేరు తోడు. చెమట, నాడి, నరాల్లో కదిలే సన్నని విద్యుత్తు, ఈ మూడింటినీ సెన్సర్ చదువుతుంది. తాగాలన్న కోరిక పుడితే ఎరుపు, లేకపోతే పచ్చ. ఒంట్లో మందు ఉందో లేదో అది వెతకదు. అందుకు ట్రాఫిక్ కానిస్టేబుల్ చాలునని భార్గవ ఎగతాళి చేసేవాడు.

మొదట్లో దానికి లైటు లేదు. కోరిక పుట్టగానే కౌన్సెలర్ సుజాత ఫోన్‌కి మాత్రం సిగ్నల్ వెళ్లేది. ఒకప్పుడు తనూ తాగి, మానేసిన మనిషి ఆమె. వచ్చి పక్కన కూర్చునేది. చెయ్యి పట్టుకుని, ఆ కోరిక చల్లబడేదాకా ఏవో కబుర్లు చెప్పేది. లాస్య ఈ ఆడవాళ్ల డీ-అడిక్షన్ సెంటర్‌లో చేరాక మళ్లీ గ్లాసు ముట్టలేదంటే అందుకే.

తర్వాత ఇంటివాళ్లు ఊరుకోలేదు. మా కోడలు మారిందో లేదో నుదుటి బొట్టులా అందరికీ కనపడాలి అన్నారు. భార్గవ లైటు పెట్టాడు. అడిగినవాళ్లకు బుద్ధి లేదనుకుందాం. పెట్టినవాడికి ఏమైంది? నాకు ఆ మనిషిని తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది.

"సిగ్గుందా నీకు? ఇంకా మనసు అటే పీకుతోంది" అంది ఉషారాణి.

"తాగలేదత్తయ్యా. పీకినా తాగకుండా ఉన్నాను."

"అనిపించిందంటే తాగినట్టే. శ్రీపంచమికి మిన్ను అక్షరాభ్యాసం. ఎర్రలైటు వేసుకుని పీట మీద కూర్చుంటే బంధువుల్లో నా తల ఎక్కడ పెట్టుకోను? పచ్చగా ఉంటేనే పిల్లని నీ ఒళ్లో పెడతాను. లేదంటే దాని మొహం చూడనివ్వను."

"ఎరుపు తప్పు కాదమ్మా" అంది సుజాత. "ఎర్రగా వెలిగినా చెయ్యి సీసా మీదికి పోలేదు చూడండి. అదే..."

"నువ్వూ ఆ బాపతేగా. అలాగే చెబుతావు."

లాస్య భర్త చరణ్ బుగ్గలో లవంగం అటునుంచి ఇటు మార్చుకున్నాడు. అతని బుగ్గలో ఎప్పుడూ లవంగం ఉంటుంది. ఏ వాసన కప్పడానికో ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అతనికి కంకణం వేద్దామని ఎవరికీ తోచలేదు కూడా.

"అమ్మ చెప్పినట్టు చెయ్యి, లాస్యా" అన్నాడు.

వాళ్లు వెళ్లాక సుజాత భార్గవని నిలదీసింది.

"ఆ లైటు తీసెయ్యండి సార్. నిజంగా తాగేస్తే ఏ రంగు చూపిస్తుందది?"

"కోరిక తీరింది కాబట్టి కాసేపు పచ్చే. అయితే ఏం? తాగడానికా వీళ్లు ఇక్కడికొచ్చింది?" అని విసుక్కున్నాడు.

శ్రీపంచమి నాడు సుజాత లాస్యని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది. హాలు నిండా చుట్టాలు. తోడు ఫొటోల కోసం భార్గవ కూడా కెమెరాతో వచ్చాడు. పళ్లెంలో బియ్యం, పక్కన పలక, పట్టులంగాలో మిన్ను. కూతుర్ని చూడగానే లాస్య చేతులు వణికాయి. కంకణం ఎర్రబడింది.

ఉషారాణి గుమ్మానికి అడ్డం నిలబడి గొంతు తగ్గించింది. "నా పరువు తీయడానికే వచ్చావా? చరణ్ గదిలోకి పో. మొహం కడుక్కో. పచ్చబడ్డాకే బయటికి రా."

సుజాత వెంట వెళ్లబోయింది. "నువ్వక్కడే ఉండు, ఇది ఇంటి వ్యవహారం" అని ఆపేసింది ఉషారాణి.

చరణ్ గది తలుపు మూసుకుంది. బీరువా కిర్రుమంది. కాసేపటికి లాస్య బయటికొచ్చింది. చేతులు వణకడం లేదు. కంకణం లేత ఆకులా పచ్చగా వెలుగుతోంది. ఉషారాణి ఆ చెయ్యెత్తి చుట్టాలందరికీ చూపించింది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

మిన్నుని ఒళ్లో కూర్చోబెట్టుకుని, చూపుడువేలు పట్టుకుని లాస్య బియ్యంలో ఓం రాయించింది. గీత పక్కకు జారింది. మిన్ను తల తిప్పి అమ్మ మొహంలోకి చూసి, ముక్కు ఎగబీల్చింది.

"అమ్మా! నీ దగ్గర నాన్న వాసన వస్తోంది!"

హాలంతా గొల్లున నవ్వింది. "మొగుడూ పెళ్లాలు మళ్లీ ఒకటయ్యారర్రా" అని ఉషారాణి మురిసిపోయింది. చరణ్ లవంగం నమలడం ఆపేశాడు. గుమ్మం దగ్గర సుజాత గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుంది.

"చెయ్యి కొంచెం పైకెత్తమ్మా, లైటు పడాలి" అన్నాడు భార్గవ కెమెరా సర్దుకుంటూ.

లాస్య చెయ్యెత్తింది.